సునాబేడ చలి చూసినవాడికి విన్నిపెగ్ చలి ఎంత?

సునాబేడోడు
పది రోజుల్లో జవాబు చెప్పాలి, అందుకే ఇక్కడ అడుగుతున్నా. నేను సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రాల) మెషినిస్టుని, పన్నెండేళ్ల అనుభవం. కెనడాలో రెండు చోట్ల నుంచి ఆఫర్ వచ్చింది. ఒకటి విన్నిపెగ్, రెండోది కాల్గరీ. జీతం దాదాపు ఒకటే. మా బావమరిది హాలిఫాక్స్‌లో ఉన్నాడు. ఆ రెండూ వదిలేసి ఇటు రా బావా, ఇక్కడ చలి తక్కువ, పని నేను చూస్తా అంటాడు. మాకు మూడేళ్ల పాప.

నేను పుట్టి పెరిగింది ఒడిశా కొరాపుట్ జిల్లాలోనే. సెమిలిగుడా, పొట్టంగి వైపు జనవరిలో తెల్లారుజామున గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకోవడం చూశాను. ఆ చలిలో చన్నీళ్ల స్నానం చేసి పొద్దున షిఫ్ట్‌కి వెళ్లిన రోజులున్నాయి. చలి నాకు కొత్త కాదు. కానీ నెట్‌లో చూస్తే జనవరిలో రాత్రి సగటు విన్నిపెగ్‌లో మైనస్ 21, కాల్గరీలో మైనస్ 13, హాలిఫాక్స్‌లో మైనస్ 8 దగ్గర ఉంది. ఈ లెక్కన హాలిఫాక్సే మంచిది కదా? అంకె చూసి ఊరు తేల్చుకోవచ్చా?

సిరొంచ_శీను
మైనస్ 21 ఒకడికి, మా చంద్రపూర్ వైపు మే నెలలో 47 ఇంకొకడికి. ఈ రెండిటి మధ్యన మనుషులుండే ఊరు దేవుడు ఒక్కటన్న పెట్టలేదా అన్నా?

గుణుపురం_గిరి
పెట్టాడు శీనూ, వాంకూవర్ అని. అక్కడ ఇంటద్దె విన్నాక చలి అదే వేస్తుంది.

సునాబేడోడు
వాంకూవర్‌లో నాకెవరూ ఉద్యోగం ఇవ్వలేదు గిరి గారూ. విషయానికి రండి.

పర్లాకిమిడి_పంతులు
జాగ్రఫీ చెప్పి రిటైరైనవాణ్ణి, అడక్కపోయినా చెబుతాను. మీ ప్రశ్నలో "మంచు" అన్న మాటే తిరకాసు. మనకి మహేంద్రగిరి మీద కమ్మేసే పొగమంచూ మంచే, ఆకు మీద బిందువూ మంచే, పొట్టంగిలో గడ్డి మీద తెల్లగా పేరుకున్నదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, రోడ్డు మీద అద్దంలా గట్టిపడేదీ మంచే. అక్కరపడలేదు కాబట్టి ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. అక్కడ ఇవి వేరువేరు శత్రువులు. ఆ మూడు ఊళ్లలో ఏ ఊళ్లో ఏ మంచు పడుతుంది, ఎన్నాళ్లు కరగకుండా ఉంటుంది అన్నది అడగండి. సగటు అంకె ఆ సంగతి చెప్పదు.

విన్నిపెగ్_వనజ
మాది రాయగడ. ఇక్కడ నర్సుగా చేస్తున్నాను, తొమ్మిది చలికాలాలు గడిచాయి. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఒక మాట. మనం చలి పడేది ఇంట్లో. రాయగడలో డిసెంబరు రాత్రి బయట 10 ఉంటే మా ఇంట్లో 14 ఉండేది. గచ్చు మీద కాలు పెడితే జివ్వుమనేది. గిన్నెలు తోమాలంటే ఏడుపొచ్చేది. ఇక్కడ బయట మైనస్ 30 ఉన్నా ఇంట్లో 21. మామూలు పంజాబీ డ్రెస్‌తో తిరుగుతాం. కుళాయి తిప్పితే వేణ్నీళ్లు. మా అమ్మ ఒక జనవరి ఇక్కడ గడిపి ఊరికి వెళ్లాక ఫోన్ చేసి "ఏమే, మనింట్లోనే చలి ఎక్కువగా ఉందే" అంది. అబద్ధం కాదు.

అంటే ఇక్కడ చలి ఉండేది తలుపు దగ్గర నుంచి కారు దాకా, కారు నుంచి పని దాకా. కారు లేకపోతే బస్టాప్ దగ్గర. మొదటి ఏడాది నాకు కారు లేదు. బస్టాప్ పన్నెండు నిమిషాల నడక. ఆ పన్నెండు నిమిషాలే నాకు తెలిసిన విన్నిపెగ్. ఇల్లు వెతికేటప్పుడు గదులెన్ని అని తర్వాత అడగండి, బస్టాప్ ఎంత దూరం అని ముందు అడగండి. అద్దెలో హీటింగ్ కలిపి ఉందా లేదా అన్నది కూడా.

రెండోది, పొడవు. నవంబరులో పడ్డ మంచు మార్చి చివరి దాకా నేల మీదే ఉంటుంది, ఒక్కోసారి ఏప్రిల్లోనూ. మైనస్ 30 కంటే మనిషిని విసిగించేది ఈ పొడవే. మన కొరాపుట్ చలి సంక్రాంతి దాటి మాఘం వచ్చేసరికి మెత్తబడుతుంది కదా. ఇక్కడ సంక్రాంతి నాటికి సగమే అయినట్టు.

మూడోది, పగలు. డిసెంబరు ఇరవై ఒకటి ప్రాంతంలో పొద్దున ఎనిమిదిన్నర కావస్తుంటే సూర్యుడొస్తాడు, సాయంత్రం నాలుగున్నరకి వెళ్లిపోతాడు. షిఫ్ట్‌కి చీకట్లో వెళ్లి చీకట్లో వస్తాం. కానీ ఉన్న కాసేపూ ఎండ ధగధగలాడుతుంది, మబ్బు తక్కువ. ఆకాశం నీలంగా, ఎండ కాస్తూ, బయట మైనస్ 28! మొదట్లో కిటికీలోంచి చూసి మోసపోయి పలచటి జాకెట్‌తో బయటికెళ్లాను. ఒక్కసారే.

కిన్వట్_కిషన్
వనజక్క చెప్పింది బాగుంది. కానీ ఈ "విండ్ చిల్" అని టీవీలో చెప్పేది ఒట్టి భయపెట్టే లెక్క అనిపిస్తుంది నాకు. మైనస్ 20 అయితే మైనస్ 20. గాలొస్తే థర్మామీటర్‌లో అంకె తగ్గుతుందా?

పర్లాకిమిడి_పంతులు
తగ్గదు కిషన్ గారూ. థర్మామీటర్‌కి ఒళ్లు వెచ్చగా ఉండదు, మీకు ఉంటుంది. మీ చర్మాన్ని అంటుకుని ఒక వెచ్చని గాలి పొర ఉంటుంది. గాలి వీస్తే అది ఎగిరిపోతుంది, ఒళ్లు మళ్లీ వేడి చేసుకోవాలి, మళ్లీ ఎగిరిపోతుంది. అదే లెక్క. 2001 నుంచి కెనడా వాతావరణ శాఖ వాడుతున్న సూత్రంలో వేసి చూశాను: మైనస్ 20 ఉండి గంటకు 30 కి.మీ. గాలి వీస్తే మొహానికి మైనస్ 33 లాగ తగులుతుంది. అదే సూత్రంలో సునాబేడోడు గారి బండిని పెట్టాను. 8 డిగ్రీల తెల్లారుజామున సెమిలిగుడా రోడ్డు మీద 50 స్పీడులో వెళ్తే 3 డిగ్రీల లెక్క. ఆయన చూసిన అసలు చలి బండి మీదే చూసి ఉంటారు.

కిషన్ గారన్నదాంట్లో సగం నిజముంది. విండ్ చిల్ ప్రాణమున్న ఒంటికే. 2 డిగ్రీల్లో ఎంత గాలి వీచినా బకెట్లో నీళ్లు గడ్డకట్టవు.

కిన్వట్_కిషన్
సగం నిజమన్నారు, చాలు మాస్టారూ. మా ఇంట్లో అంత కూడా ఇవ్వరు.

కాల్గరీ_కామేశు
మాది బల్లార్షా, పన్నెండేళ్లుగా కాల్గరీ. విన్నిపెగ్ వాళ్లు వాళ్ల చలిని పొగుడుకోవడం అలవాటే, ఏమనుకోకు వనజక్కా. మా ఊరికి వస్తే ఒక గొప్ప సంగతి ఉంది, చినూక్ అనే గాలి. రాకీ పర్వతాల అవతల తడిని వదిలేసి ఇవతలికి దిగేటప్పుడు గాలి వేడెక్కుతుంది. పడమట ఆకాశంలో విల్లు వంచినట్టు మబ్బు గీత కనిపిస్తే చాలు, ఇక జాకెట్ విప్పడమే. పొద్దున మైనస్ 20 ఉన్నది మధ్యాహ్నానికి ప్లస్ 8 అయిన రోజులు నేనే చూశా. జనవరిలో టీషర్టుతో వాకింగ్. ఊరు నడిబొడ్డున చాలా ఆఫీసులని కలుపుతూ రోడ్డుకి పదిహేను అడుగుల ఎత్తున అద్దాల వంతెనలున్నాయి. దాని పేరే ప్లస్ 15. బయట కాలు పెట్టకుండా భోజనానికి వెళ్లి రావచ్చు.

పర్లాకిమిడి_పంతులు
ఈ గాలి మహిమకి పెద్ద రికార్డు అమెరికాలో సౌత్ డకోటా స్పియర్‌ఫిష్ ఊరిది. 1943 జనవరి 22న రెండే నిమిషాల్లో మైనస్ 20 నుంచి ప్లస్ 7కి ఎగబాకింది. కిటికీ అద్దాలు పగిలాయని చెబుతారు.

విన్నిపెగ్_వనజ
కామేశూ, చినూక్ వెళ్లిపోయిన మర్నాటి సంగతి కూడా చెప్పు మరి.

కాల్గరీ_కామేశు
చెబుతా అక్కా, దాచేదేముంది. మధ్యాహ్నం కరిగిన నీళ్లు రాత్రికి మళ్లీ గడ్డకడతాయి. రోడ్డు మీద నల్లగా, తడిగా కనిపిస్తుంది కానీ అది ఐసు. బ్లాక్ ఐస్ అంటారు. మొదటి ఏడాది పార్కింగ్‌లో వెల్లకిలా పడి తోకఎముక మీద నెల రోజులు కూర్చోలేకపోయాను. ఆఫీసులో దిండు పట్టుకుని తిరిగేవాణ్ణి. ఇంకోటి, చినూక్ వచ్చే రోజు కొంతమందికి తలనొప్పి. మా ఆవిడకి పార్శ్వపు నొప్పి ఉంది, గాలి మారుతోందని రేడియో కంటే ముందు ఆమే చెబుతుంది. మంచు కూడా సెప్టెంబరులో పడొచ్చు, మేలో పడొచ్చు. పడుతుంది, పోతుంది.

విన్నిపెగ్_వనజ
అదీ తేడా. మాది పడితే పోదు. మైనస్ 25లో మంచు ఇసకలా పొడిగా ఉంటుంది, అడుగు వేస్తే కరకరమంటుంది, అంతగా జారదు. సున్నాకి అటూ ఇటూ ఊగే ఊళ్లలోనే జారుడు ఎక్కువ. మా ఆసుపత్రికి కాలూ చెయ్యీ విరిగి వచ్చేవాళ్లు కూడా బాగా చలి ఉన్న వారంలో కాదు, కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టిన వారంలోనే ఎక్కువ.

సిరొంచ_శీను
అంటే చలి ఎక్కువున్న ఊరే మంచిదా? ఇదేం న్యాయం అక్కా.

హాలిఫాక్స్_బావమరిది
ఆ బావమరిదిని నేనే. నన్ను ఊరంతా పెట్టి ఉతుకుతున్నారని అక్క ఫోన్ చేసి చెప్పింది.

బావా, నేను అబద్ధం చెప్పలేదు. ఇక్కడ సముద్రం పక్కనే ఉంది, మైనస్ 20 ఎప్పుడో గానీ రాదు. కాకపోతే... ఒకే రోజు పొద్దున వాన, మధ్యాహ్నం మంచు, సాయంత్రం మళ్లీ వాన, రాత్రికి ఆ వానే తీగల మీదా కొమ్మల మీదా గాజులా గడ్డకడుతుంది. కరెంటు పోతుంది. బూట్లోకి నీళ్లు, సాక్సు తడి. మన బరంపురంలో తుపాను ముసురు నాలుగు రోజులుంటే ఒళ్లు ఎలా చీదరగా ఉంటుందో, దాన్ని 1 డిగ్రీలో ఊహించుకో. 2004 ఫిబ్రవరిలో వైట్ హువాన్ అనే మంచు తుపానుకి ఒక్క రోజులో దాదాపు 90 సెంటీమీటర్లు పడిందట, ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన 1999 సూపర్ సైక్లోన్ ముచ్చట్లలాగే.

సునాబేడోడు
ఇదంతా మొన్న ఫోన్లో ఎందుకు చెప్పలేదురా?

హాలిఫాక్స్_బావమరిది
అక్క దగ్గర్లో ఉంటే వారానికోసారి చేపల పులుసు దొరుకుతుందని.

గుణుపురం_గిరి
నిజం చెప్పే బావమరిది దొరకడం మీ అదృష్టం. ఇంతకీ పఖాళ (చద్దన్నం) సంగతేంటి? మైనస్ 30లో అన్నంలో నీళ్లు పోసి బయట పెడితే పులుస్తుందా?

విన్నిపెగ్_వనజ
బయట పెడితే తెల్లారేసరికి రాయవుతుంది. పెరుగూ దోసెల పిండీ ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి బల్బు మాత్రం వేసి రాత్రంతా ఉంచండి. నాకు తెలిసిన తెలుగువాళ్లంతా చేసేది ఇదే. భోగి మంట అపార్ట్‌మెంట్‌లో కుదరదు. బాల్కనీలో కొవ్వొత్తి వెలిగించి దాని చుట్టూ తిరిగాం ఒక ఏడాది. మైనస్ 31. కొవ్వొత్తి కూడా ఎక్కువసేపు ఒప్పుకోలేదు.

మాజీ_హవల్దార్
మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఫౌజులో మూడేళ్లు లేహ్ వైపు చేశాను. లేహ్ పట్టణమే 3,500 మీటర్ల ఎత్తు, మేము అంతకంటే పైన. రాత్రి మైనస్ 20 మామూలే. అక్కడ చలి ఒక్కటే కాదు, ఊపిరీ అందదు. కెనడాలో ఊళ్లకి ఆ బాధ లేదు, ఆ మేరకు మీరు అదృష్టవంతులు.

బాబూ, చలి కొత్త కాదని రాశావు చూడు, మా దగ్గర ముందు పడిపోయేది అలా అన్న కుర్రాళ్లే. దేవమాలి కొండ ఎక్కాను, నాకేమీ కాదు అంటూ గ్లవ్స్ తీసి ఇనప గొట్టం పట్టుకునేవాడు. చర్మం అంటుకుపోయేది. నాలుగు సంగతులు చెబుతా.

ఒంటికి తగిలే బట్ట కాటన్ వద్దు. చెమట పట్టి తడిస్తే ఆరదు, ఆ తడే మనిషిని చంపుతుంది. ఉన్ని గానీ త్వరగా ఆరే సింథటిక్ బట్ట గానీ వేసుకో. ఒకే మందపాటి కోటు కంటే మూడు పొరలు మేలు, వేడెక్కితే ఒకటి విప్పొచ్చు. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి వెచ్చగా ఉంటాయి. బూటు ఒక సైజు పెద్దది కొను. సాక్సు బిగుతుగా ఉంటే రక్తం ఆడదు.

అన్నిటికంటే ముఖ్యం: చెవో ముక్కో వేలో తెల్లబడి, మొద్దుబారి, నొప్పి కూడా తెలియకపోతే మంట దగ్గర పెట్టకు, రుద్దకు. లోపలికెళ్లి గోరువెచ్చని నీళ్లలో ఉంచు, డాక్టర్ దగ్గరికి పో. రుద్దినవాడి వేళ్లు పోవడం కళ్లారా చూశాను. మద్యం తాగితే వెచ్చగా ఉంటుందన్నది కూడా ఒట్టిదే. ఒంట్లో వేడి ఇంకా బయటికి పోతుంది.

విన్నిపెగ్_వనజ
హవల్దార్ బాబాయ్ చెప్పిన ప్రతి మాటా నిజం. ఒక్కటే కలుపుతాను. ఇక్కడ విండ్ చిల్ మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మానికి పది నుంచి ముప్పై నిమిషాల్లో దెబ్బ తగలొచ్చు. మైనస్ 40 దాటితే ఐదు నుంచి పది నిమిషాలు. నా పన్నెండు నిమిషాల బస్టాప్ గుర్తుందా? అదీ లెక్క.

పాప గురించి భయపడకండి. పిల్లలకి ఒళ్లంతా కప్పే స్నో సూట్లుంటాయి, బొమ్మల్లా దొర్లుతారు. బడిలో కూడా బాగా చలైతేనే లోపల ఉంచుతారు, లేకపోతే ఆటకి బయటికే. నెల తిరగకుండానే మీ పాప మిమ్మల్ని వెక్కిరిస్తుంది.

కిన్వట్_కిషన్
మరి జాకెట్లు ఇక్కడే కొనుక్కెళ్తే చవక కదా? నాందేడ్‌లో టిబెట్ వాళ్లు డిసెంబరులో స్వెటర్లు పెడతారు.

కాల్గరీ_కామేశు
ఆ స్వెటర్ విమానాశ్రయం నుంచి కారు దాకా పనికొస్తుంది అన్నా. ఇక్కడికొచ్చాక కొనండి. ఎన్ని డిగ్రీల దాకా ఆగుతాయో బూట్లకి రాసి ఉంటుంది.

కారు కొంటే ఇంకో కథ. ఇక్కడి కార్ల ముందు నుంచి ప్లగ్గు వైరు వేలాడుతుంటుంది. ఇంజిన్ వెచ్చగా ఉండేందుకు రాత్రి దాన్ని కరెంటుకి పెడతారు, సెల్‌ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టినట్టు. మా నాన్న వీడియో కాల్‌లో చూసి, అప్పటికే ఎలక్ట్రిక్ కారు కొన్నానని బల్లార్షా అంతా చెప్పేశారు.

విన్నిపెగ్_వనజ
హహ. అది మా ఊళ్లో ఇంకా ఎక్కువ కామేశూ.

పర్లాకిమిడి_పంతులు
వనజమ్మ ఒక సంగతి వదిలేసింది, ఇంటి లోపలి ఎండుదనం. మైనస్ 20లో ఘనపు మీటరు గాలి పట్టగల నీటి ఆవిరి ఒక గ్రాముకి లోపే. 21 డిగ్రీల్లో దాదాపు 18 గ్రాములు. బయటి గాలిని తెచ్చి వట్టిగా వేడి చేస్తే తేమ 5 శాతం దగ్గర నిలుస్తుంది. వంట, స్నానాలు, మన ఊపిరి కలిసి కొంత పెంచుతాయి గానీ, అది మన మే నెల వడగాలి కంటే ఎండుగా ఉండే ఇల్లు.

విన్నిపెగ్_వనజ
అవును మాస్టారూ, ముక్కులోంచి రక్తం, పెదాలు పగలడం, తలుపు పిడి పట్టుకుంటే చురుక్కుమని షాకు. గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్ కొనాలి. ముక్కుకి రాత్రి కొబ్బరి నూనె. ఆ నూనె మన ఊళ్లో చలికాలం గడ్డకట్టేది కదా, ఇక్కడ ఇంట్లో పోపుల డబ్బా పక్కన పెడితే సగం గట్టిగా, సగం ద్రవంగా ఊగిసలాడుతుంటుంది. విటమిన్ డి సంగతి డాక్టర్‌ని అడగండి. చలికాలం ఎండకి ఇక్కడ అది తయారు కాదు, మన ఒంటి రంగుకి మరీను.

బరంపురం_బాబ్జీ
ఇంత చర్చ ఎందుకండీ? నేను రొయ్యల ఎగుమతి ప్లాంట్‌లో చేస్తున్నా. మా కోల్డ్ స్టోర్ మైనస్ 20. పక్కనే బ్లాస్ట్ ఫ్రీజర్, మైనస్ 35, లోపల పెద్ద ఫ్యాన్లు. హాలిఫాక్స్‌వాడు నా క్లాస్‌మేట్. అత్తారింటికి ఎలాగూ వస్తారుగా బావగారూ, మా ఇన్‌చార్జిని అడిగి పది నిమిషాలు నిలబెడతా. పంతులు గారి సూత్రం ఒంటి మీద తెలుస్తుంది.

సిరొంచ_శీను
ఇదీ అసలైన సలహా. టికెట్ ఎంత?

మాజీ_హవల్దార్
ఒంటరిగా వద్దు. పక్కన మనిషి ఉండాలి, తలుపు లోపల నుంచి తెరుచుకోవాలి. ఇనుము ముట్టుకోవద్దు. చెవులు కప్పుకో.

సునాబేడోడు
ఆదివారం బరంపురం వెళ్లొచ్చాం. ఉన్నదున్నట్టు రాస్తున్నా.

కోల్డ్ స్టోర్, మైనస్ 20. ప్లాంట్ వాళ్ల కోటు, బూట్లు ఇచ్చారు. లోపలికి అడుగుపెట్టి మొదటి ఊపిరి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు బిరుసెక్కి పుల్లల్లా గుచ్చుకున్నాయి. ఇది ఎవరూ చెప్పలేదే! దగ్గొచ్చింది. కానీ గాలి కదలదు కాబట్టి రెండు నిమిషాలకి ఫర్వాలేదనిపించింది. పది నిమిషాలున్నాం. కాలి వేళ్లు తప్ప మిగతాదంతా బాగానే ఉంది. ఇంతేనా అనిపించింది, నిజం చెప్పాలంటే కాస్త గర్వపడ్డాను.

తర్వాత బ్లాస్ట్ ఫ్రీజర్. బాబ్జీ గుమ్మం దగ్గర నిలబెట్టి ఫ్యాన్లు ఆపకుండా ఉంచాడు. మొహం మీద ఎవరో చింతబరికెతో కొట్టినట్టుంది. కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ నీళ్లు రెప్పలకి అంటుకున్నాయి. ఫొటో తీద్దామని గ్లవ్ తీశాను, ఫోన్ రెండు ఫొటోలకే ఆరిపోయింది. నిమిషంన్నర. అంతే, బయటికొచ్చేశా. కిషన్ గారూ, గాలి లెక్క ఒట్టిది కాదండీ.

కిన్వట్_కిషన్
ఒప్పుకున్నా. సగం.

సునాబేడోడి_ఇంటావిడ
పూర్తిగా రాయలేదు ఈయన. కోల్డ్ స్టోర్‌లో "పది నిమిషాలున్నాం" అన్నది నేను ఉన్నది. ఈయన ఆరో నిమిషానికి పాప ఏడుస్తోందేమో చూస్తానని బయటికెళ్లారు. పాప మా అమ్మ దగ్గర జీడిపప్పు తింటూ కూర్చుంది. నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఈయన కొరాపుట్ చలిలో పెరిగినవారు.

గుణుపురం_గిరి
ఈ పోస్టుని పైన పిన్ చేయాలి.

హాలిఫాక్స్_బావమరిది
అక్కా 🙏

సునాబేడోడు
పాప ఏడుపు నిజంగానే వినిపించినట్టనిపించింది.

సునాబేడోడి_ఇంటావిడ
వనజ గారూ, కామేశు గారూ, మీతోనే ఒక మాట. నాకు కాలేజీ రోజుల నుంచి పార్శ్వపు తలనొప్పి ఉంది. ఉరుములొచ్చే ముందూ, తుపాను పట్టే ముందూ తప్పకుండా వస్తుంది. ఈయన మొదటి పోస్టులో అది రాయలేదు, చలి లెక్కలకీ దానికీ సంబంధం ఉందని తోచలేదేమో. చినూక్ గురించి చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కామేశు గారూ, మీ ఆవిడకి నెలకి ఎన్నిసార్లు వస్తుంది?

కాల్గరీ_కామేశు
అమ్మా, ఆమెనే అడిగాను. చినూక్ ఎక్కువగా వచ్చే ఏడాది చలికాలమంతా నెలకి మూడు నాలుగు రోజులు చీకటి గదిలో పడుకుంటుంది. లేని ఏడాది తక్కువ. అందరికీ ఒకేలా ఉండదు, ఒకసారి డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి. మా ఊరిని తక్కువ చేయడం నాకిష్టం లేదు గానీ, మీ పరిస్థితిలో ఉంటే నేనైనా ఆలోచిస్తాను.

విన్నిపెగ్_వనజ
మా దగ్గర తలనొప్పే రాదని నేను చెప్పను. వాతావరణం ఇక్కడా మారుతుంది. కానీ ఒక్క పూటలో ముప్పై డిగ్రీలు ఎగరడం నేనైతే చూడలేదు. జనవరి చలి అంటే జనవరి చలే, రోజూ అదే. ఇంకో సంగతి ముందే చెబుతున్నా, తర్వాత తిట్టకండి: ఎండాకాలం 30 దాటుతుంది, దోమలు మన మల్కన్‌గిరి దోమల్ని చూసి నవ్వుతాయి.

సిరొంచ_శీను
మైనస్ 30కి చావని దోమలా? అవి దోమలు కావక్కా.

పర్లాకిమిడి_పంతులు
గుడ్ల రూపంలో చలిని దాటేస్తాయి నాయనా. మనకంటే తెలివైనవి, చలికాలం అసలు బయటికే రావు.

సునాబేడోడు
నిన్న రాత్రి విన్నిపెగ్ వాళ్లకి సరేనని మెయిల్ పెట్టాను. ఈమె తలనొప్పి డాక్టర్ కూడా ఎగుడుదిగుళ్లు లేని చోటే మేలన్నాడు. మైనస్ 21 అన్న అంకె చూసి మొదట కొట్టేసిన ఊరే చివరికి మిగిలింది. చేరేది మార్చిలో అడిగితే వాళ్లు జనవరి అన్నారు. సరిగ్గా సంక్రాంతి వారం.

మా అమ్మ అప్పుడే మంకీ టోపీ అల్లడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ ఉన్ని, నెత్తి మీద బొచ్చు బంతి. హవల్దార్ గారూ, అది పనికొస్తుందా, అమ్మ మనసు కోసం పెట్టెలో పెట్టుకోనా?

మాజీ_హవల్దార్
చెవులూ మెడా కప్పుతుంది కదా, పైన కోటు టోపీ వేసుకుంటే బ్రహ్మాండంగా పనికొస్తుంది. లేహ్‌లో నేను మూడేళ్లూ మా అమ్మ అల్లిందే పెట్టుకున్నా. ఆ బంతి మాత్రం కోసెయ్.

సునాబేడోడి_ఇంటావిడ
బంతి కోయనివ్వను. గుంపులో ఈయన ఎక్కడున్నారో తెలియాలి కదా.

విన్నిపెగ్_వనజ
ఇల్లు చూసేటప్పుడు నాకు అడ్రస్ మెసేజ్ పెట్టండి, బస్టాప్ దాకా నేనే నడిచి నిమిషాలు లెక్కపెట్టి చెబుతా.

బరంపురం_బాబ్జీ
మా ఇన్‌చార్జి అడుగుతున్నాడు, ఈ ఫోరం నుంచి ఇంకెవరైనా వస్తున్నారా అని. వచ్చేవాళ్లు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని రండి.